పారిపోయేవాళ్లకు ఎదురయ్యే దేవుడు

సహోదరీ సహోదరులారా, అందరికీ వందనాలు.

దేవుడు ఎక్కడున్నాడని సండే స్కూలు పిల్లల్ని అడిగి చూడండి. తడుముకోకుండా "అంతటా ఉన్నాడు" అంటారు. జవాబు సరైనదే. కానీ గాలి కూడా అంతటా ఉంది కదా! గాలి పక్కనే ఉందని కష్టంలో ఉన్న మనిషికి ధైర్యం రాదు. అంతటా ఉండటం వేరు, నాకు దగ్గరగా ఉండటం వేరు. బైబిల్లో ఈ రెండూ ఎక్కడ కలిశాయా అని వెతికితే నాకు ముందుగా దొరికినవాళ్లు భక్తిగా మోకరించినవాళ్లు కాదు, పారిపోతున్నవాళ్లు.

మొదట హాగరు. ఐగుప్తు నుంచి వచ్చిన దాసి, గర్భిణి. యజమానురాలు శారయి పెట్టే బాధ పడలేక అరణ్యంలోకి పారిపోయింది. నీటి ఊట దగ్గర యెహోవా దూత ఆమెను పేరు పెట్టి పిలిచి, "ఎక్కడ నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు?" అని అడిగాడు. అంతవరకు శారయి గాని, ఆమె భర్త అబ్రాము గాని ఆమెను పేరుతో పిలిచినట్టు ఆ అధ్యాయంలో కనబడదు. వాళ్లకు ఆమె "దాసి", అంతే. ఆ దాసి దేవునికే ఒక పేరు పెట్టింది: "చూచుచున్న దేవుడవు నీవే." ఆ మాట పలికింది ఒక పరదేశి స్త్రీ అన్న సంగతి మనం చాలాసార్లు చదువుతూ దాటేస్తాం.

తర్వాత యాకోబు. అన్నను మోసం చేసి, ప్రాణభయంతో ఇల్లు వదిలాడు. పొద్దుగూకితే ఒక రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆ రాత్రి ప్రార్థన చేశాడని ఎక్కడా లేదు. కలలో నిచ్చెన కనబడింది, దేవుడు మాట్లాడాడు. లేచి, "నిశ్చయముగా యెహోవా ఈ స్థలమందున్నాడు; అది నాకు తెలియక పోయెను" అన్నాడు. దేవుడు అప్పుడే అక్కడికి వచ్చాడని అనలేదు చూడండి. ఉన్నాడు, నాకే తెలియలేదు అన్నాడు.

ఇక యోనా ప్రవక్త సంగతి చెప్పాలంటే నాకు నవ్వొస్తుంది. దేవుడు నీనెవె పట్టణానికి వెళ్లమంటే యొప్పే రేవుకు పోయి, డబ్బు కట్టి మరీ తర్షీషు ఓడ ఎక్కాడు. ఎందుకు? "యెహోవా సన్నిధి నుంచి" పారిపోవడానికి. తుపాను వచ్చి, నీ దేశమేది, నీ జనమేదని నావికులు అడిగితే ఏం చెప్పాడు? సముద్రాన్నీ భూమినీ చేసిన ఆకాశమందున్న దేవుని భక్తుణ్నని! సముద్రాన్ని చేసినవాడి నుంచి సముద్రం మీద పారిపోతున్నాడు. సిద్ధాంతం కంఠతా వచ్చు, కాళ్లకు మాత్రం అది ఎక్కలేదు. ఎందుకు దాచాలి, నా పరిస్థితీ చాలాసార్లు ఇంతే.

ఇప్పుడు 139వ కీర్తన చదవండి. "నీ సన్నిధినుండి నేనెక్కడికి పారిపోవుదును?" దీన్ని మనం ఓదార్పు మాటగా గోడలకు తగిలించుకుంటాం. నిజానికి మొదటిసారి వింటే కొంచెం టెన్షన్ పుట్టే మాట ఇది. ఆకాశానికి ఎక్కినా, పాతాళంలో పడుకున్నా తప్పించుకోవడం కుదరదంటున్నాడు. కానీ కీర్తనకారుడు అక్కడ ఆగలేదు. సముద్రం అవతలి అంచుకు పోయినా "అక్కడను నీ చేయి నన్ను నడిపించును, నీ కుడిచేయి నన్ను పట్టుకొనును" అన్నాడు. వెంటాడి వచ్చిన చెయ్యే చివరికి దారి చూపిస్తోంది.

ఒక మాట పక్కన చెప్పి ముందుకు పోతాను. దేవుడు అంతటా ఉన్నాడంటే అన్నీ దేవుడే అని కాదు. యాకోబు తలకింది రాయి రాయే. సృష్టి వేరు, సృష్టికర్త వేరు. అయినా సృష్టిలో ఆయన లేని చోటు లేదు. ఆకాశ మహాకాశాలే నిన్ను పట్టలేవు, నేను కట్టిన ఈ మందిరం ఎలా పడుతుందని సొలొమోను మందిర ప్రతిష్ఠ రోజునే అన్నాడు.

ఆ మాట తర్వాత తరాలు మరిచిపోయాయి. మందిరం ఉంది కాబట్టి మాకేమీ కాదనుకున్నారు. క్రీ.పూ. 597లో బబులోను సైన్యం యూదా రాజుతో సహా ఎంతోమందిని చెరపట్టింది. వాళ్లలో యెహెజ్కేలు ప్రవక్త ఒకడు. అన్యదేశంలో, కెబారు నది దగ్గర, అతనికి దేవుని మహిమ కనబడింది. ఆ దర్శనంలో సింహాసనం కింద చక్రాలున్నాయి! ఆ చక్రాలకు వివరణలు చాలా ఉన్నాయి. నాకు మాత్రం ఒకటే తోస్తుంది: చెరలోకి పోయినవాళ్ల దగ్గరికి దేవుడు కదిలి వచ్చాడు. మందిరం కూలింది ఆ తర్వాత, 586లో.

యోహాను సువార్తలో "వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను" అన్నచోట, గ్రీకు మూలంలో నివసించడానికి వాడిన మాటకు గుడారం వేసుకోవడమని అర్థం. అరణ్యంలో ఇశ్రాయేలీయులతో పాటు కదిలిన దేవుని గుడారం గుర్తుకు రావాలి. ఆ వాక్యము యేసే. ఆకాశాలు పట్టలేనివాడికి ఆకలి వేసింది, అలసట వచ్చింది, స్నేహితుడి సమాధి దగ్గర కన్నీళ్లు వచ్చాయి.

మరి నాకేమీ అనిపించని రోజుల మాటేమిటని మీరు అడగొచ్చు. ప్రార్థన చేస్తే గోడతో మాట్లాడినట్టుంటుంది. అలాంటివాళ్లతో "నీ విశ్వాసం చాలడం లేదు" అని దయచేసి అనకండి. సిలువ మీద యేసే "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" అని కేకవేశాడు. అది 22వ కీర్తన మొదటి మాట. ఎడబాటు లోతుల్లో కూడా ఆయన "నా దేవా" అనే పిలిచాడు. అక్కడిదాకా ఆయన వెళ్లాడు కాబట్టి, ఆ చీకట్లో ఉన్నవాడికి ఆయన దూరం అని నేను అనలేను.

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు నడుస్తున్నారు. ఆశ చచ్చిపోయి యెరూషలేము వదిలి వెళ్లిపోతున్నారు; ఒక రకంగా వీళ్లూ పారిపోతున్నవాళ్లే. మృతుల్లోంచి లేచిన యేసు వచ్చి వాళ్లతో కలిసి నడిచాడు. వాళ్లు గుర్తుపట్టలేదు. జరిగిందంతా ఆయనకే చెప్పుకున్నారు. బల్ల దగ్గర రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు, ఆ క్షణంలోనే ఆయన కనబడకుండా పోయాడు. అయ్యో వెళ్లిపోయాడే అని వాళ్లు బాధపడినట్టు లూకా రాయలేదు. దారిలో ఆయన మాట్లాడుతున్నప్పుడు మన గుండె మండుతూనే ఉంది కదా అనుకున్నారు. పొద్దుపోయిందని కాసేపటి క్రితం ఆయన్ను బలవంతంగా ఆపినవాళ్లు, ఆ గడియలోనే లేచి వచ్చిన దారినే యెరూషలేముకు తిరిగి నడిచారు.