నిడుబ్రోలు నుంచి ఢిల్లీకి: ఆచార్య రంగా

శ్రోతలకు నమస్కారం.

1989 డిసెంబరులో తొమ్మిదో లోక్‌సభ కొలువుతీరింది. ప్రధాని వి.పి. సింగ్, ప్రతిపక్ష నాయకుడు రాజీవ్ గాంధీ. స్పీకర్ ఎన్నిక జరిగేదాకా కొత్త సభ్యుల చేత ప్రమాణం చేయించే తాత్కాలిక స్పీకర్ బాధ్యత గుంటూరు ఎంపీకి అప్పగించారు. ఆయన వయసు 89. మొదటిసారి ఢిల్లీలో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టింది 1930లో. అప్పటికి వి.పి. సింగ్ గానీ, రాజీవ్ గాంధీ గానీ ఇంకా పుట్టలేదు.

ఆయనే గోగినేని రంగనాయకులు. మనందరికీ ఆచార్య ఎన్.జి. రంగా. అంత సుదీర్ఘ కాలం చట్టసభలో ఉన్నందుకు గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కారు. రంగా అనగానే చాలామంది ఈ రికార్డు సంగతే చెబుతారు. అన్నేళ్లు ఆయన సభలో ఏం మాట్లాడారో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఈ రోజు నేను మీతో చెప్పాలనుకున్నది అదే.

గుంటూరు జిల్లా పొన్నూరు పక్కనున్న నిడుబ్రోలులో 1900 నవంబరు 7న పుట్టారు. రైతు కుటుంబం. ఆ ఊరి నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి అర్థశాస్త్రం చదివి, తిరిగొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యుడయ్యారు. పేరు ముందు ఆ మాట అక్కడి నుంచి వచ్చిందే. పల్లెల ఆర్థిక స్థితి మీద, చేనేత కార్మికుల బతుకుల మీద పరిశోధన చేశారు. మగ్గం మీద ఎంత వస్తుంది, అందులో ఇంటికి ఎంత మిగులుతుంది, అప్పు ఎక్కడ పుడుతుంది అన్న లెక్కలు ఆయనకు రాజకీయాలకంటే ముందే తెలుసు.

1930లలో రైతు స్థితి అధ్వాన్నంగా ఉండేది. ప్రపంచమంతటా మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది, శిస్తు మాత్రం తగ్గలేదు. జమీందారీ గ్రామాల్లో అయితే మరీ కష్టం. వెంకటగిరి జమీందారీ రైతుల ఆందోళనకు రంగా అండగా నిలబడ్డారు. నిడుబ్రోలులో రైతు కార్యకర్తల కోసం విద్యాలయం పెట్టారు. చట్టం ఏం చెబుతోంది, శిస్తు ఎలా లెక్కగడతారు, సభలో ఎలా మాట్లాడాలి అని పల్లెటూరి కుర్రాళ్లకు నేర్పడం అప్పట్లో ఎవరికీ తట్టని ఆలోచన. ఉత్తరాంధ్ర నాయకుడు గౌతు లచ్చన్న ఆయన శిష్యుడే. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడైతే, రంగా ప్రధాన కార్యదర్శి.

ఇక రాజ్యాంగ సభ. అక్కడ రంగా చేసిన ఒక ప్రసంగం దగ్గర కాసేపు ఆగుదాం. రాబోయే రాజ్యాంగం ఏ ఆశయాల మీద నిలబడాలో చెబుతూ నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానం మీద చర్చ జరుగుతోంది. అల్పసంఖ్యాకుల రక్షణ గురించి అందరూ మాట్లాడుతున్నారు. రంగా లేచి, అసలు ఈ దేశంలో అల్పసంఖ్యాకులు ఎవరు అని అడిగారు. ఆయన జవాబు: మతాన్ని బట్టి లెక్కేసే వాళ్లు కాదు, ఈ దేశపు సామాన్య జనమే. సంఖ్యలో వాళ్లు కోట్ల మంది. కానీ చదువు లేదు, కోర్టుకెక్కే స్తోమత లేదు, కాగితం మీదున్న హక్కును అడిగి తీసుకునే శక్తి లేదు. గిరిజనుల సంగతి తీసుకుని, వాళ్ల భూముల్ని అమ్మకూడదని చట్టం ఉన్నా, వ్యాపారులు వెళ్లి పత్రాలు రాయించుకుని వాళ్లను వెట్టివాళ్లుగా మార్చేస్తున్నారని చెప్పారు. హక్కు రాసిపెడితే చాలదు, దాన్ని వాడుకునే పరిస్థితి కూడా కల్పించాలన్నది ఆయన వాదన. ప్రాథమిక హక్కులు ఇంకా రాసుకుంటున్న రోజుల్లోనే ఈ మాట అన్నారంటే, ఆ చూపుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

రంగా తరచూ పార్టీలు మారారని ఒక విమర్శ ఉంది. నిజమే, మారారు. 1951లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవి పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయాక కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. దాన్ని సిద్ధాంతం కోసం చేసిన పని అనడానికి నాకు మనసొప్పదు. అందులో ముఠా రాజకీయాల పాలే ఎక్కువ. 1952 నుంచి 1957 దాకా రాజ్యసభలో ఉన్నారు. తర్వాత మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు.

1959లో బయటికి రావడం మాత్రం వేరు. ఆ ఏడాది జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని లక్ష్యంగా తీర్మానించింది. రైతులు తమ భూములు కలిపేసి ఉమ్మడిగా సాగు చేయాలన్నది ఆలోచన. నెహ్రూ అంతటివాడు గట్టిగా పట్టుబట్టిన విషయం. అప్పుడు రంగా అధికార పార్టీలో పెద్ద స్థానంలో ఉన్నారు, నోరు మూసుకుని ఉంటే ఏ లోటూ ఉండేది కాదు. అయినా కాదన్నారు. అప్పుకోసం, ఎరువుకోసం, పంట అమ్మకంకోసం రైతులు సంఘం కడితే మంచిదే, పొలం మాత్రం రైతు చేతిలోనే ఉండాలి అన్నారు. రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. 1962 సాధారణ ఎన్నికల్లో ఓడినా, అదే ఏడాది చిత్తూరు ఉప ఎన్నికలో నెగ్గి సభకు తిరిగొచ్చారు.

1964లో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణను కూడా ఆ పార్టీ తీవ్రంగా వ్యతిరేకించింది. భూసంస్కరణల చట్టాలకు రక్షణ ఇచ్చే 'ఎస్టేట్' అన్న నిర్వచనంలోకి రైత్వారీ భూముల్ని, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే భూముల్ని కూడా తెచ్చిన సవరణ అది. జమీందారుకు, పదెకరాల రైతుకు ఒకే చట్టమా అన్నదే గొడవ. సవరణ చివరికి నెగ్గింది. కాకపోతే, ఒక రైతు ఉంచుకోవచ్చని చట్టం చెప్పిన గరిష్ఠ పరిమితిలోపు సొంతంగా సాగు చేసుకునే భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్న షరతు అందులో చేరింది. భూసేకరణ జరిగే ఏ ఊళ్లోనైనా ఈ షరతు విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

1967లో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలు వచ్చాయి. ప్రతిపక్షంలో అదే పెద్ద పార్టీ. ఆ సభకు రంగా శ్రీకాకుళం నుంచి వెళ్లారు. అక్కడ గెలిచిన లచ్చన్న గురువు కోసం తన సీటు వదులుకున్నారు. ఈ రోజుల్లో టికెట్ల కోసం జరిగే తగాదాలు చూస్తుంటే, ఆ గురుశిష్యుల అనుబంధం ఎంత గట్టిదో అనిపిస్తుంది. 1971లో ఇందిర గాలిలో ఓటమి, ఆ తర్వాత మళ్లీ కాంగ్రెస్ గూటికి రావడం, కొంతకాలం రాజ్యసభ. 1980లో గుంటూరు నుంచి గెలిచారు. 1984లో తెలుగుదేశం ప్రభంజనంలో రాష్ట్రంలోని 42 సీట్లలో కాంగ్రెస్‌కు దక్కినవి ఆరే. ఆ ఆరుగురిలో 84 ఏళ్ల రంగా ఒకరు. 1989లో మరోసారి నెగ్గారు.

రంగా మాట్లాడింది ఏ రైతు కోసం? ఈ ప్రశ్నను దాటవేసి ఆయన్ను పొగిడితే న్యాయం కాదు. కమ్యూనిస్టులు మొదటి నుంచీ అడిగింది ఇదే. భూమి ఉన్న రైతు గురించి ఆయనకు ఉన్నంత పట్టు కౌలుదారు, కూలీ విషయంలో లేదని వాళ్ల ఆరోపణ. నా ఉద్దేశంలో ఆ మాటలో కొంత నిజముంది. సొంత పొలం ఉన్న రైతే ఆయన ఊహలో కేంద్రం. ఇప్పుడు గుంటూరు, కృష్ణా డెల్టాల్లో పొలం దున్నేవారిలో కౌలు రైతులే ఎక్కువగా కనిపిస్తారు. పట్టా ఒకరి పేరున, సాగు మరొకరి చేతిలో. బ్యాంకు అప్పు కోసం, నష్టపరిహారం కోసం వాళ్లు పడే పాట్లు చూస్తుంటే, కాగితం మీది హక్కును అడిగి తీసుకోలేని మనిషి గురించి రాజ్యాంగ సభలో రంగా అన్న మాట వాళ్లకే సరిగ్గా వర్తిస్తుంది. ఆయన ప్రశ్నను ఆయనకంటే ముందుకు తీసుకెళ్లాల్సిన చోటు ఇదేనని నేను నమ్ముతున్నాను.

1991లో తొమ్మిదో లోక్‌సభ రద్దవడంతో ఆయన పార్లమెంటు జీవితం ముగిసింది. అదే ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాది రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాజ్యాంగ సభ చర్చలు పుస్తకాలుగానూ, ఇంటర్నెట్‌లోనూ దొరుకుతున్నాయి. శ్రోతల్లో కాలేజీ పిల్లలు ఉంటే, లక్ష్యాల తీర్మానం మీద రంగా చేసిన ప్రసంగాన్ని ఒకసారి వెతికి చదవండి. నిడివి పెద్దదేం కాదు. నమస్కారం.