మనవాడు విసిరిన రాయి, పరాయివాడు విసిరిన రాయి

(విజయవాడ నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఒక భాగం. సలహాదారు విశ్రాంత అధ్యాపకులు.)

శ్రోత: నమస్కారం మాస్టారూ, గుంటూరు బ్రాడీపేట నుంచి మాట్లాడుతున్నాను. మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. 2020లో మినియాపోలిస్‌లో దుకాణాలు తగలబడిన వీడియో ఎవరో పంపితే మా మామయ్యగారు చూసి, "ఆ నల్లవాళ్ల నైజమే అంత" అన్నారు. మా వాడితో గదిలో ఉండేది నల్లజాతి కుర్రాడే. ఆ రోజు నుంచి తాతయ్యతో మాటలు మానేశాడు.

సలహాదారు: మామయ్యగారి వయసెంత అమ్మా?

శ్రోత: 73 అండీ.

సలహాదారు: అయితే జై ఆంధ్ర ఉద్యమం నాటికి కాలేజీలో ఉండి ఉంటారు.

శ్రోత: అవునండీ. పట్టాల మీద కూర్చుని రైలు ఆపామని చెబుతుంటారు. లాఠీ దెబ్బకు మోచేతి మీద పడ్డ మచ్చ ఇంటికి ఎవరొచ్చినా చూపిస్తారు.

సలహాదారు: ఆ ఉద్యమంలో ప్రభుత్వ ఆస్తులు ధ్వంసమయ్యాయి, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. 1952లో పొట్టి శ్రీరాములుగారు కన్నుమూసినప్పుడూ జనం రైల్వే ఆస్తుల మీద పడ్డారు. అది ఆంధ్రుల నైజమని మనం అంటామా? కడుపు మండిందంటాం. మనవాడు రాయి విసిరితే కారణం వెతుకుతాం, పరాయివాడు విసిరితే పుట్టుక వెతుకుతాం.

అమెరికాలోనూ ఇదే తంతు. 2018 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా జట్టు సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, గెలిచిన రాత్రి అభిమానులు దీపస్తంభాలు కూల్చారు, కారు తిరగేశారు. ఆ గుంపుల్లో తెల్లవాళ్లు బోలెడుమంది. సంబరం శ్రుతిమించిందన్నారే గాని, తెల్లజాతి నైజమని ఎవరూ అనగా నేను వినలేదు. 2020లో మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి మెడ మీద పోలీసు అధికారి 9 నిమిషాలకు పైగా మోకాలు అదిమిపెట్టి చంపితే జనం వీధుల్లోకి వచ్చారు. ఆ వేసవి నిరసనల్లో 90 శాతానికి పైగా ప్రశాంతంగా జరిగాయి. మన ఫోన్లకు చేరింది మాత్రం మంటలే. నాకు బాధ కలిగించేది అదే.

శ్రోత: కానీ మాస్టారూ, కొట్టు కాలిపోయినవాడి సంగతేమిటి? మాకూ చిన్న బట్టల కొట్టు ఉంది.

సలహాదారు: అడగవలసిన మాటే. మినియాపోలిస్‌లో బంగ్లాదేశ్ నుంచి వెళ్లి స్థిరపడిన ఒకాయన నడిపే గాంధీ మహల్ అనే హోటలు కాలిపోయింది. భవనం పోతే పోనివ్వండి, న్యాయం జరగాలి అన్నారాయన. అందరికీ అంత గుండె ఉండదు, ఉండాలని కోరడమూ భావ్యం కాదు. నిప్పు పెట్టినవాడి మీద కేసు పెట్టండి, శిక్షించండి. వాడి ఒంటి రంగును బోనెక్కించకండి.

శ్రోత: మరి ఇంట్లో ఇప్పుడేం చేయమంటారు?

సలహాదారు: మాటలు మానేసింది అబ్బాయి కాబట్టి ఫోను అతనే చేయాలి. "మీది జాత్యహంకారం" అని మొదలుపెడితే పెద్దాయన వెంటనే ఫోను మీ చేతికిచ్చేస్తారు. ముందు ఆ మచ్చ కథ అడగమనండి, పూర్తిగా విననివ్వండి. ఆ తర్వాత, ఆ రోజు మిమ్మల్ని అందరూ అల్లరిమూక అని తీసిపారేసి ఉంటే ఎలా ఉండేది తాతయ్యా అని అడగమనండి. ఇంకొకటి. గదిలో ఉండే కుర్రాణ్ణి మాత్రం ఫోను ముందు కూర్చోబెట్టవద్దు. తన జాతి మొత్తం తరఫున సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఆ పిల్లవాడికి లేదు.

శ్రోత: అది నాకు తట్టలేదండీ. వాణ్ణి కూడా పిలిచి మాట్లాడిద్దామనే అనుకున్నాను.

సలహాదారు: పండక్కి పిలవండమ్మా, అతిథిగా.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తర్వాతి శ్రోత కృష్ణలంక నుంచి...