స్లీప్ లైక్ ఎ టాప్: బొంగరం ఎప్పుడు నిద్రపోతుంది?

[నేల మీద చెక్క బొంగరం, పక్కన తాడు]

‘హీ స్లెప్ట్ లైక్ ఎ టాప్.’ ఈ వాక్యానికి ‘రాత్రంతా బొంగరంలా దొర్లాడు, నిద్రే పట్టలేదు’ అని అర్థం చెప్పేవాళ్ళు ఎంతమందో! విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే అసలు అర్థం దానికి పూర్తిగా రివర్స్. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడని.

గిర్రున తిరిగేదానికీ నిద్రకీ సంబంధమేంటి? వేసి చూపిస్తా.

[క్లోజప్]

పడగానే తూలుతోంది, మేకు గరగరమంటూ నేల మీద సున్నాలు చుడుతోంది. ఆగండి... ఇప్పుడు! ఒకేచోట నిటారుగా నిలబడిపోయింది. చప్పుడు లేదు. నేను దాని మీద పెట్టిన తెల్ల చుక్క ఏది? చుట్టూ గీతైపోయింది, ఆ గీత కూడా కదలట్లేదు. తిరుగుతోందా, ఆగిపోయిందా అని అనుమానం వస్తోంది కదా, సరిగ్గా దీన్నే ఇంగ్లిష్‌లో ‘ది టాప్ ఈజ్ స్లీపింగ్’ అంటారు.

పడుకోబెట్టిన పిల్లాణ్ణి గుర్తు తెచ్చుకోండి. ముందు కాసేపు అటూ ఇటూ దొర్లుతాడు, ఇందాక బొంగరం తూలినట్టే. తర్వాత ఒకచోట కుదురుకుంటాడు, ఇక కదలడు, కానీ లోపల ఊపిరి ఆడుతూనే ఉంటుంది, బొంగరం తిరుగుతూనే ఉన్నట్టు. ఎంత చక్కటి పోలిక! 17వ శతాబ్దం నుంచీ ఇంగ్లిష్‌లో ఉంది. ఫ్రెంచ్‌లోనూ ‘సాబోలా నిద్రపోయాడు’ అంటారు, సాబో అంటే ఒక రకం బొంగరం.

మన మొద్దు నిద్రకైతే ‘స్లీప్ లైక్ ఎ లాగ్’ సరిగ్గా అతుకుతుంది, లాగ్ అంటే మొద్దే.

మరి ‘పొద్దున్నుంచి బొంగరంలా తిరుగుతున్నా’ అని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే? అక్కడ టాప్‌ని తేకండి, ‘ఐ హావ్ బీన్ రన్నింగ్ అరౌండ్ ఆల్ డే’ చాలు. ‘స్పిన్ లైక్ ఎ టాప్’ అంటే ఉన్నచోటే గిరగిరా తిరగడం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ‘ఐ బాట్ ఎ టాప్’ అంటే చాలామందికి ఒంటిమీద వేసుకునే టాపే గుర్తొస్తుంది, అందుకే బొంగరానికి స్పిన్నింగ్ టాప్ అనండి. పైభాగం అనే టాప్, బొంగరం అనే టాప్ డిక్షనరీలో రెండు వేరే మాటలు, కాబట్టి ‘ఆన్ టాప్ ఆఫ్ ది వరల్డ్’లో బొంగరం లేదు. ‘బ్లో యువర్ టాప్’లోనూ లేదు, అది కోపంతో భగ్గుమనడం. ఇందాక చూసిన, నిటారుగా నిలబడి తిరిగే బొంగరం ఫిజిక్స్ వాళ్ళకి కూడా స్లీపింగ్ టాపే, వేగం తగ్గాక తల వాల్చి గుండ్రంగా ఊగడం ప్రెసెషన్.

అదిగో, మనదీ ఊగుతోంది చూడండి, నిద్ర లేచింది.