పది సీట్లు గెలిచిన పార్టీ: తెలంగాణ ప్రజా సమితి కథ

శ్రోతలకు నమస్కారం. ఎన్నికలలో ఓడి, డిపాజిట్లు పోగొట్టుకొని, క్రమంగా జనం మరిచిపోయిన పార్టీలు మన దేశంలో లెక్కలేనన్ని ఉన్నాయి. పోటీచేసిన మొదటి లోక్‌సభ ఎన్నికలలోనే గొప్ప విజయం సాధించి, ఆ గెలుపు పచ్చిగా ఉండగానే, ఎవరి చేతిలోనూ ఓడిపోకుండానే కనుమరుగైన పార్టీ మాత్రం తెలుగు నేలమీద ఒకటే ఉంది. అది తెలంగాణ ప్రజా సమితి.

ఆ పార్టీ ఒక మాటలోంచి పుట్టింది. ఆ మాట ముల్కీ. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే ఆ దేశంవాడు. హైదరాబాదు రాజ్యంలో పదిహేనేళ్ళు స్థిరనివాసం ఉన్నవారికే సర్కారు కొలువు అనేది నిజాం కాలంనాటి నిబంధన. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడే ముందు ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ఈ రక్షణకు హామీ ఇచ్చింది, మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం కూడా చేసింది. ఆచరణలో మాత్రం ఆ రక్షణ అంతా ఒక కాగితం మీద ఆధారపడింది. ముల్కీ సర్టిఫికెట్ సంపాదించుకున్నవాడు స్థానికుడు, లేనివాడు స్థానికేతరుడు. బోగస్ సర్టిఫికెట్లతో తమ ఉద్యోగాలు పరాయివాళ్ళకు పోతున్నాయన్న ఆవేదన డిగ్రీ చేతపట్టుకొని ఇంట్లో కూర్చున్న ప్రతి యువకుడి మనసులోనూ పేరుకుపోయింది.

1969 జనవరిలో ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చోవడంతో ఆ ఆవేదన వీధిలోకి వచ్చింది. ప్రభుత్వం 36వ నంబరు జీవో ఇచ్చి, ముల్కీలకు కేటాయించిన కొలువులలో ఉన్న ఇతరులను ఫిబ్రవరి 28లోగా తప్పిస్తామని మాట ఇచ్చింది. మార్చి నెలాఖరులో సుప్రీంకోర్టు, ఉద్యోగాలకు నివాస నిబంధన పెట్టిన ఆ పార్లమెంటు చట్టంలోని కీలకమైన సెక్షనే చెల్లదని తీర్పు చెప్పింది. రక్షణలు అమలు చేయండి అని అడిగినవారు, ఇక రక్షణలతో పనిలేదు, మా రాష్ట్రం మాకు కావాలి అని అడగడానికి అంతకంటే కారణం అక్కరలేకపోయింది.

ప్రజా సమితి రూపుదిద్దుకున్నది ఈ రోజులలోనే. దీనిని మొదట నడిపినవారు సిద్దిపేటకు చెందిన న్యాయవాది మదన్‌మోహన్. ఉస్మానియా విద్యార్థి నాయకుడు మల్లికార్జున్ యువతకు గొంతుకయ్యారు. మే నెలలో మర్రి చెన్నారెడ్డి అధ్యక్షులయ్యారు. ఆయన అంతకుముందు కేంద్రంలో ఉక్కు, గనుల శాఖ మంత్రి. తన ఎన్నికను కోర్టు రద్దుచేయడంతో పదవి పోగొట్టుకొని, పోటీకి కూడా అనర్హులై ఉన్నారు. ఈ వివరం చిన్నదే అయినా మరిచిపోకూడదు, ఎందుకంటే తరువాతి కథలో దీని బరువు కనిపిస్తుంది. కొండా లక్ష్మణ్ బాపూజీ ఉద్యమం కోసం మంత్రి పదవినే వదులుకున్నారు. ఆ ఏడాది కాల్పులలో 369 మంది చనిపోయారని ఉద్యమకారులు చెబుతారు. ప్రభుత్వం చెప్పిన లెక్క అంతకన్నా చాలా తక్కువ. ఏ లెక్క తీసుకున్నా, వారిలో ఎక్కువమంది చదువుకునే పిల్లలే అన్న సంగతి చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది.

1970లో సిద్దిపేట ఉపఎన్నికలో మదన్‌మోహన్ గెలిచారు. 1971 మార్చిలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. గరీబీ హటావో నినాదంతో దేశమంతా ఇందిరాగాంధీ వైపు ఊగిపోతున్నప్పుడు, తెలంగాణలోని 14 స్థానాలలో 10 ప్రజా సమితి గెలుచుకుంది. ఆ ప్రాంతంలో పోలైన ఓట్లలో సగానికి దగ్గరగా ఆ పార్టీకే పడ్డాయి. ఉద్యమం చల్లబడిందని, నాయకులు చీలిపోయారని, విద్యార్థులలో ఒక వర్గం పోటీ సమితి పెట్టుకుందని అనుకుంటున్న సమయంలో వచ్చిన తీర్పు ఇది.

అసలు విషాదం ఇక్కడే ఉంది. 1969 చివర కాంగ్రెస్ చీలిన తరువాత ఇందిరాగాంధీ ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేదు. కమ్యూనిస్టులు, డీఎంకే వంటివారి మద్దతుతోనే నడిచింది. ఆ రోజులలో ప్రజా సమితికి పదిమంది ఎంపీలు ఉండి ఉంటే ఢిల్లీలో ప్రతి తలుపూ తెరుచుకునేది. కాని వారు గెలిచిన ఎన్నికలోనే ఆమె పార్టీ 518 స్థానాలలో 352 తెచ్చుకుంది. పదిమంది అటు కూర్చున్నా ఇటు కూర్చున్నా ఆమెకు ఒరిగేదేమీ లేదు, తరిగేదీ లేదు. ఓటరు తన పని తాను చేశాడు, అయితే ఆ ఓటుకు ఢిల్లీలో ధర పలికే రోజులు అప్పటికే దాటిపోయాయి.

అదే సంవత్సరం సెప్టెంబరులో పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ముఖ్యమంత్రిగా ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి రాజీనామా చేశారు, తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. నాయకులు అమ్ముడుపోయారని జనం అన్నారు, ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. అయితే నాకు కనిపించే కారణం ఇంకొంచెం లోతుగా ఉంది. సమితి పెద్దలలో చాలామంది, పదవి పోగొట్టుకున్న చెన్నారెడ్డితో సహా, కాంగ్రెస్ ఇంటిలోంచి అలిగి వచ్చినవారు, వారు ఆ ఇంటి తలుపు వైపే చూస్తూ ఉన్నారు. విలీనం వద్దని పట్టుబట్టగల గ్రామ కమిటీలు, జిల్లా కమిటీలు కట్టుకోవడానికి ఎవరూ పూనుకోలేదు. కాల్పులకు ఎదురు నిలిచిన కుర్రవాళ్ళకు పార్టీలో ఓటు లేదు. ఒప్పందం పైన కుదిరింది, కిందివాళ్ళు మరునాడు పత్రికలో చదువుకున్నారు.

పార్టీ పోయింది గాని ముల్కీ వివాదం పోలేదు. 1969లో కొట్టివేసింది పార్లమెంటు చట్టంలోని సెక్షన్‌నే గాని, నిజాం కాలంనాటి ముల్కీ నిబంధనలు మాత్రం చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పగానే, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం రేగింది, ఆ తరువాత ఉద్యోగాలలో, చదువులలో స్థానికులకు వాటా కల్పించే ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. చెన్నారెడ్డి 1978లో అదే సమైక్య రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1970లో సమితిని గెలిపించిన సిద్దిపేటే 2001 ఉపఎన్నికలో మరో ప్రాంతీయ పార్టీని, తెలంగాణ రాష్ట్ర సమితిని, గెలిపించింది.

హైదరాబాదులో శాసనసభకు ఎదురుగా ఉన్న గన్‌పార్కులో అమరవీరుల స్తూపం ఉంది. ఎక్కా యాదగిరిరావు దానిని మలిచారు. అడుగున నల్లరాయి, పైన తెల్లటి పువ్వు. ఉద్యమం వేడిగా ఉన్న 1970 ఫిబ్రవరిలో దానికి పునాదిరాయి వేశారు. 1975లో పని పూర్తయ్యేసరికి, ఏ పార్టీ జెండా పట్టుకొని ఆ పిల్లలు ప్రాణాలిచ్చారో ఆ పార్టీ లేక నాలుగేళ్ళయింది.