నారింజ కప్పు కింద ఆరెంజ్ జ్యూస్

(సీనియర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతోపన్యాసం, శాలువాలు అయ్యేసరికి పదకొండున్నర దాటింది. అవతల గుత్తివంకాయ వాసన ఇక్కడిదాకా వస్తోంది. అందుకని వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకటే నమస్కారం పెట్టి విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం ‘ఫ్రాంచైజీ వ్యాపారంలో మెళకువలు’. మనవాళ్లు గ్యాస్ స్టేషన్లూ, శాండ్‌విచ్ షాపులూ, మోటెళ్లూ తీసుకుంటున్నారు కదా, నాలుగు ముక్కలు చెప్పండి మాస్టారూ అన్నారు కార్యదర్శిగారు. నేను ఒక కంపెనీ గురించే చెబుతాను. హోవర్డ్ జాన్సన్స్, ఒకప్పుడు అమెరికా రోడ్ల పక్కన ఉండే రెస్టారెంట్ల సంస్థ. తెలిసినవాళ్లు చేతులెత్తండి... చూశారా, లేచిన చేతులన్నీ మా వయసువాళ్లవే.

1970ల్లో అమెరికా వచ్చినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రహదారి మీద పోతుంటే దూరం నుంచే వాళ్ల రెస్టారెంటు నారింజ రంగు పైకప్పు కనబడేది, వెనకసీట్లో పిల్లలు కేకలు మొదలెట్టేవారు. మేము శాకాహారులం. అక్కడ మాకు దొరికేది గ్రిల్డ్ చీజ్, ఫ్రెంచ్ ఫ్రైస్, ఐస్‌క్రీం, అంతే. అయితేనేం, ఐస్‌క్రీం 28 రకాలు! దాన్ని తీసే గరిటె కూడా వేరు. ముద్ద పైకి కోసుగా, కింద చుట్టూ అంచు కాస్త బయటికొచ్చి, కోను మీద కుంకుమభరిణె మూతలా కూర్చునేది. పిల్లలు ముందు ఆ అంచు నాకేసేవారు.

ఈ జాన్సన్ అనే ఆయన 1925లో మసాచుసెట్స్‌లోని క్విన్సీలో, వోలాస్టన్ అనే పేటలో అప్పు చేసి చిన్న మందుల షాపు కొన్నాడు. మందులకంటే సోడా కౌంటరుకే గిరాకీ ఎక్కువ. ఐస్‌క్రీంలో వెన్న పాళ్లు పెంచాడు, జనం ఎగబడ్డారు. 1929లో ఆయనకి అదృష్టం నాటకం రూపంలో వచ్చింది. బోస్టన్ మేయరు ఒక నాటకాన్ని నిషేధిస్తే, దాన్ని క్విన్సీలో వేశారు. అది ఐదు గంటల నాటకం. మధ్యలో భోజన విరామం. ఆకలిమీదున్న ప్రేక్షకులు దగ్గర్లో ఉన్న జాన్సన్ రెస్టారెంటు మీద పడ్డారు. ఊరూరా పేరు పాకింది.

తర్వాత డిప్రెషన్, అదే ఆర్థికమాంద్యం, వచ్చి చేతిలో డబ్బాడలేదు. 1935లో కేప్ కాడ్‌లోని ఓర్లీన్స్‌లో పెట్టుబడి వేరేవాడిది, పేరు తనది, సరుకు తనది అన్న ఏర్పాటు చేశాడు. అమెరికాలో తొలినాటి రెస్టారెంటు ఫ్రాంచైజీల్లో అదొకటి. కార్యదర్శిగారూ, మీరడిగిన మెళకువ ఇదే. మీ అంశం అయిపోయింది, ఇక నా అంశం.

1940లో టర్న్‌పైక్ తెరిచారు, భోజనాల కాంట్రాక్టు ఈయనకే దక్కింది. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు రేషనింగు దెబ్బకి దుకాణాలు పన్నెండుకి పడిపోయాయి, మళ్లీ లేచాయి. 1954లో జార్జియాలోని సవానాలో మొదటి మోటెలు, అంటే కార్లలో వచ్చేవాళ్లు రాత్రి బసచేసే హోటలు. 1960లో జాక్ పెపాన్ అనే కుర్ర ఫ్రెంచి వంటవాడు, వైట్‌హౌస్ వంటింటి ఉద్యోగం కాదనుకుని మరీ వీళ్ల వంటశాలలో చేరాడు. అక్కడ వండి, గడ్డకట్టించి, లారీల్లో పంపేవారు. ఎక్కడ ఆగినా అదే రుచి, అదే పలకరింపు, అదే మర్యాద అని వాళ్ల పేరు.

అదే మర్యాద. ఇక్కడ నేను ఆగాలి. సమయం చూపిస్తున్నారు, చూశాను. అయినా ఆగాలి.

1957 అక్టోబరు. ఘనా దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడు నెలలు. ఆ దేశపు ఆర్థికమంత్రి కొమ్లా బెడెమా, తన కార్యదర్శితో కారులో వెళ్తూ డెలవేర్‌లోని డోవర్‌లో ఈ నారింజ కప్పు కింద ఆగాడు. దాహమేసి ఇద్దరికీ ఆరెంజ్ జ్యూస్ అడిగాడు. డబ్బు తీసుకున్నారు. జ్యూస్ కాగితం సంచిలో పెట్టి ఇచ్చి, ఇక్కడ కూర్చుని తాగడానికి లేదు, నల్లవాళ్లకి లోపల కుదరదు అన్నారు. ఆయన తానెవరో చెప్పాడు. కుదరదన్నారు. మీ ఉపాధ్యక్షుడు నిక్సన్ మా దేశం వస్తే మా ఇంట్లో భోంచేశాడు, నాకు మీ దారిపక్క హోటల్లో కూర్చునే యోగ్యత లేదా అన్నాడాయన. జ్యూసూ మీరే ఉంచుకోండి, చిల్లరా మీరే ఉంచుకోండి, ఇది ఇంతటితో పోదు అని లేచి వెళ్లిపోయాడు.

పోలేదు. అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ ఆయన్ని వైట్‌హౌస్‌కి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని బ్రేక్‌ఫాస్టు పెట్టాడు. మంత్రి కాబట్టి పిలుపొచ్చింది. రోజూ అదే కౌంటరు దగ్గర అదే మాట పడ్డ లారీ డ్రైవరుకి ఎవరు పెట్టారు బ్రేక్‌ఫాస్టు? 1962లో ‘ఫ్రీడమ్ హైవేస్’ అంటూ నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే కోర్ సంస్థవాళ్లు నార్త్ కరోలినాలో ఈ రెస్టారెంట్ల ముందు బైఠాయించారు, అరెస్టయ్యారు. 1964లో హోటళ్లలో ఈ వివక్షని నిషేధిస్తూ పౌరహక్కుల చట్టం. 1965లో మనలాంటివాళ్లకి తలుపు తీసిన వలస చట్టం. ఆ తర్వాత మనం.

ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి సమావేశాల్లో ‘ఆ రోజులే వేరండీ’ అనడం మనకి అలవాటు. నేనూ అంటాను, ఇందాకే అన్నాను. కానీ మన పిల్లలు ఆ కౌంటరు ముందు స్టూళ్లమీద కాళ్లాడిస్తూ ఐస్‌క్రీం తిన్నారంటే, అంతకు పదేళ్ల ముందు ఎవరో ఆ గుమ్మం బయట కూర్చుని జైలుకెళ్లారు. ఈ ముక్క మన సావనీర్లలో ఒక్కదాంట్లోనైనా అచ్చయిందా? నేను వెతికాను, నాకు కనబడలేదు. రాయండి బాబూ, ఎవరైనా రాయండి.

సరే, కంపెనీ ఎలా పోయిందంటారా? మెక్‌డొనాల్డ్స్ మింగేసిందని అందరూ అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. 1970ల్లో వెయ్యికి పైగా రెస్టారెంట్లు, ఐదొందల మోటెళ్లు ఉన్న సంస్థ ఇది. 1973లో చమురు కరువొచ్చి కార్లు ఆగాయి, అది నిజం. కానీ జాన్సన్ కొడుకు హయాంలో ఖర్చు తగ్గించడమే యాజమాన్యం అనుకున్నారు. సున్నం వేయించకపోతే లెక్కల్లో లాభమే కనబడుతుంది, కొన్నాళ్లు. 1980కల్లా బ్రిటిష్ కంపెనీ ఇంపీరియల్ చేతికి అమ్మేశారు, దాదాపు 63 కోట్ల డాలర్లకి. 1985లో మారియట్ అనే హోటళ్ల కంపెనీ అందులో సగం ధరకే కొంది. వాళ్లకి కావలసింది రోడ్డు పక్క స్థలాలు. మోటెళ్లని ఇంకొకరికి అమ్మేసి, రెస్టారెంట్లని వేరే పేర్లకి మార్చారు, కొన్ని పడగొట్టారు. టైమ్స్ స్క్వేర్‌లోది 2005లో మూసేశారు, మెయిన్ రాష్ట్రం బాంగర్‌లోది 2016లో. చిట్టచివరిది, న్యూయార్క్ రాష్ట్రం లేక్ జార్జ్‌లోది, 2022 దాకా లాగింది. మోటెళ్ల మీద ఆ పేరు ఇంకా ఉంది, విండమ్ అనే హోటళ్ల కంపెనీవాళ్ల చేతిలో. లోపల 28 రకాలు మాత్రం అడక్కండి.

ముందు వరసలోని పెద్దలకి ఒక మనవి. ఆ రోజుల్లో కారు పక్కన నిలబడి ఫొటో తీయించుకోనివాళ్లు మనలో లేరు. వెనకాల నారింజ కప్పున్న ఫొటో ఏదైనా అట్టపెట్టెల్లో ఉంటే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లలు పారేయకముందే నాకివ్వండి. స్కాన్ చేసి అసలుది మళ్లీ మీ చేతికే ఇస్తాను. వెనకవైపు ఊరూ, ఏడాదీ రాయడం మరిచిపోవద్దు. భోజనాల దగ్గర మజ్జిగ టేబులు పక్కనే ఉంటాను.