మెదడుకు క్రియాటిన్ అందకపోతే: చర్చా కార్యక్రమం

సమన్వయకర్త: నమస్కారం. పిల్లలకు మాటలు రాకపోవడానికి ఉండే కారణాల్లో చాలామంది అసలు వెతకనిది ఒకటుంది. అది పుట్టుకతో వచ్చే క్రియాటిన్ లోపం. దాని గురించి మాట్లాడేందుకు పిల్లల నాడీవైద్య నిపుణురాలు, జీవరసాయన శాస్త్ర ప్రొఫెసర్ గారు, ఈ లోపం ఉన్న ఒక బాబు తల్లి మనతో ఉన్నారు. ప్రొఫెసర్ గారూ, క్రియాటిన్ అంటే జిమ్‌కి వెళ్లేవాళ్లు తాగే పొడి అనే అందరికీ తెలుసు. మెదడుకు దానితో ఏం పని?

ప్రొఫెసర్: చాలా పని ఉందండీ. శరీరం బరువులో మెదడు 2 శాతమే. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు మనకు ఖర్చయ్యే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. ఆ శక్తి ఏటీపీ అనే అణువు రూపంలో ఉంటుంది, కానీ దాన్ని ఎక్కువగా దాచుకోవడం కణానికి కుదరదు. మేడమీద ట్యాంకు ఉందనుకోండి, కుళాయిలన్నీ ఒకేసారి తిప్పినా నీళ్లొస్తాయి. మోటారు తన పాటికి తాను నింపుకుంటూ పోతుంది. ఇక్కడ మోటారు అంటే కణంలో ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియా, ట్యాంకు అంటే ఫాస్ఫేటు తగిలించుకున్న క్రియాటిన్, అదే ఫాస్ఫోక్రియాటిన్. నాడీకణం ఒక సంకేతం పంపిందంటే లోపలికొచ్చిన సోడియాన్ని వెంటనే బయటికి పంపాలి, ఏటీపీ గబగబా తగ్గుతుంది. అప్పుడు క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము ఫాస్ఫోక్రియాటిన్‌లోని ఫాస్ఫేటును తీసి, ఏటీపీ ఖర్చయ్యాక మిగిలే ఏడీపీకి తగిలిస్తుంది, ఏటీపీ మళ్లీ సిద్ధం. ఈ ఒక్క చర్యకి ఆక్సిజన్ అక్కర్లేదు, గ్లూకోజ్ అక్కర్లేదు. అందుకే అంత వేగం.

సమన్వయకర్త: మరి లోపం ఎక్కడ వస్తుంది?

ప్రొఫెసర్: మూడు చోట్ల. ఆర్జినిన్, గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాలు కలిపి, క్రియాటిన్‌కి ముడిసరుకైన గ్వానిడినోఅసిటేట్ తయారుచేసే ఏజీఏటీ ఎంజైములో, ఇది ముఖ్యంగా కిడ్నీలో. దాన్ని క్రియాటిన్‌గా మార్చే జీఏఎంటీలో, ఇది ముఖ్యంగా కాలేయంలో. తయారైన క్రియాటిన్‌ని కణంలోకి చేర్చే ఎస్‌ఎల్‌సీ6ఏ8 అనే ప్రోటీనులో. మొదటి రెండూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు వస్తేనే బయటపడతాయి. మూడోదాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది కాబట్టి మగపిల్లల్లో తీవ్రంగా ఉంటుంది.

సమన్వయకర్త: అమ్మా, మీ బాబుది ఏ రకం?

తల్లి: జీఏఎంటీ అండీ. పుట్టినప్పుడు ఏ తేడా లేదు. తర్వాత మాట రాలేదు, ఫిట్స్ మొదలయ్యాయి. మందులు మార్చారు, మోతాదులు పెంచారు. "మగపిల్లలకి మాటలు ఆలస్యమే" అన్నారు. ఎంఆర్ఐ తీస్తే పెద్దగా ఏమీ లేదన్నారు. ఆ మాట విని సంతోషించాను కూడా.

వైద్యురాలు: మామూలు ఎంఆర్ఐలో మెదడు ఆకారం కనిపిస్తుందమ్మా, అందులో ఏ రసాయనం ఎంత ఉందో కనిపించదు. దానికి అదే మెషిన్ మీద స్పెక్ట్రోస్కోపీ అడగాలి. ఆ గ్రాఫులో ఒక్కో రసాయనానికి ఒక్కో చోట పీక్, అంటే శిఖరం, లేస్తుంది: అడ్డగీత మీద 2.0 దగ్గర ఎన్‌ఏఏ అనే రసాయనానిది, 3.2 దగ్గర కోలీన్‌ది ఉంటాయి. వాటి మధ్య, 3.0 దగ్గర, క్రియాటిన్ పీక్ నిటారుగా లేచి ఉండాలి. ఈ పిల్లల్లో అక్కడ దాదాపు చదునుగా ఉంటుంది. 1994లో జీఏఎంటీ లోపాన్ని మొదటిసారి గుర్తించింది కూడా ఒక చిన్న బాబు మెదడులో ఇలా క్రియాటిన్ సిగ్నల్ కనిపించకపోవడం చూసే. మిగతా రెండు రకాలూ 2001లో తెలిశాయి.

సమన్వయకర్త: ఫిట్స్ రావడానికి శక్తి చాలకపోవడమే కారణమా?

వైద్యురాలు: జీఏఎంటీలో రెండు దెబ్బలు. క్రియాటిన్ లేదు, పైగా గ్వానిడినోఅసిటేట్ పేరుకుపోతుంది. అది నాడీకణాలకు విషం లాంటిదే. అందుకే చికిత్సలో క్రియాటిన్ ఇస్తూనే, ఆ విషం తగ్గేందుకు ఆర్నిథిన్ అనే అమైనో ఆమ్లం ఇస్తాం, ఆహారంలో ఆర్జినిన్ తగ్గిస్తాం. ఏజీఏటీలో ఆ విషం తయారే కాదు, క్రియాటిన్ ఒక్కటీ చాలు.

తల్లి: ఆ పొడి నీళ్లలో సరిగ్గా కరగదండీ. గ్లాసు అడుగున తెల్లగా మిగిలిపోతుంది. ఇంకాసిని గోరువెచ్చని నీళ్లు పోసి, తిప్పి, అదీ తాగించాలి, లేకపోతే డోసు తగ్గినట్టే. రోజుకి చాలాసార్లు ఇదే పని. కానీ ఫిట్స్ తగ్గాయి. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని "నీళ్లు" అని అడుగుతాడు.

సమన్వయకర్త: పుట్టగానే తెలిసి ఉంటే?

వైద్యురాలు: (కాసేపు ఆగి) చాలా తేడా ఉండేది. కడుపులో ఉన్నంతకాలం తల్లి క్రియాటిన్ బిడ్డకు అందుతుంది. పుట్టిన కొద్దిరోజుల్లోనే చికిత్స మొదలైన పిల్లలు దాదాపు మామూలుగా ఎదిగారు. మడమ నుంచి తీసే రక్తపు చుక్కలోనే గ్వానిడినోఅసిటేట్ పట్టుబడుతుంది. అమెరికాలో 2023 జనవరిలో జీఏఎంటీని నవజాత శిశువుల పరీక్షల సిఫారసు జాబితాలో చేర్చారు. ప్రతి దేశమూ చెయ్యాల్సిన పని ఇది, నేను గట్టిగా చెబుతున్నాను.

ప్రొఫెసర్: మూడో రకంలోనే మా చేతులు కట్టేసినట్టుంటుంది. క్రియాటిన్ ఎంత తాగించినా రక్తంలో తిరుగుతుంది గానీ మెదడులోకి పోదు. ఆర్జినిన్, గ్లైసిన్ కలిపి ఇచ్చి చూశారు, ఫలితం అంతంతమాత్రమే. రవాణా ప్రోటీను అవసరం లేకుండా లోపలికి వెళ్లగల రూపాల మీద పరిశోధన జరుగుతోంది.

సమన్వయకర్త: అనుమానం ఉన్న తల్లిదండ్రులు పొడి కొని వేసి చూడొచ్చా?

వైద్యురాలు: వద్దు. ముందు మూత్రం, రక్తం ఇవ్వండి. పొడి మొదలుపెట్టాక పరీక్ష చేస్తే మూత్రంలో క్రియాటిన్ పెరిగి లెక్క తారుమారవుతుంది. ఆడపిల్లల్లో మూడో రకం అనుమానముంటే మూత్ర పరీక్ష మామూలుగా వచ్చినా ఆగకండి, జన్యు పరీక్ష అడగండి.