సోర్స్ ఇస్తారు, కానీ...

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరైనా అమీర్‌పేటలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోర్సుకు ఫీజు కట్టే ఉంటారు. నేనూ కట్టాను. క్లాసులో చెప్పేది రెడ్ హ్యాట్ కంపెనీ అమ్మే లినక్స్, ఇంటికెళ్లి పాత డెస్క్‌టాప్ మీద ప్రాక్టీసు చేసేది ఉచితంగా దొరికే సెంటాస్. లోగో తప్ప పెద్దగా తేడా కనిపించేది కాదు. కనిపించదు కూడా! రెడ్ హ్యాట్ బయటపెట్టిన సోర్స్ కోడే, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడే తీసుకుని, పేర్లూ బొమ్మలూ మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే అదే సెంటాస్.

2020 డిసెంబరులో ఆ కథ మారింది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8 ని 2021 చివరికే ఆపేస్తామని రెడ్ హ్యాట్ వాళ్లు అన్నారు. దాన్ని నమ్ముకుని సర్వర్లు పెట్టుకున్నవాళ్ల టెన్షన్ ఊహించుకోండి. సెంటాస్ లోటు తీర్చడానికి రాకీ, ఆల్మా అనే లినక్స్‌లు అప్పుడు పుట్టినవే. 2023 జూన్‌లో ఇంకో మెలిక: బయటివాళ్లకు సెంటాస్ స్ట్రీమ్ (రెడ్ హ్యాట్ రాబోయే వెర్షన్‌కి ముందు రూపం) సోర్స్ మాత్రమే, అమ్మే రెడ్ హ్యాట్ లినక్స్ సోర్స్ కస్టమర్లకే.

మరి ఇది లినక్స్‌లో చాలా ప్రోగ్రాములకున్న జీపీఎల్ అనే లైసెన్సుకి విరుద్ధం కాదా? ప్రోగ్రాం ఎవరి చేతికిచ్చామో వాళ్లకి సోర్స్ కూడా ఇస్తే ఆ లైసెన్సుకు చాలు, ఊరందరికీ పంచమని అడగదు. అక్కడిదాకా పేచీ లేదు. అయితే అందుకున్నవాళ్లు దాన్ని ఇంకొకరికి ఇచ్చుకోవచ్చని కూడా అదే లైసెన్సు అంటుంది. రెడ్ హ్యాట్ ఇవ్వద్దనదు. ఇస్తే మాత్రం మీ సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసే హక్కు ఒప్పందంలో ఉంచుకుంది. అడిగినవాడికి అన్నం పెట్టి, పక్కవాడికి ఒక ముద్ద ఇస్తే రేపట్నుంచి గడప తొక్కనివ్వమన్నట్టు! ఇది చట్టానికి నిలుస్తుందా అన్నది లాయర్లు తేల్చుకోవాలి. నా మటుకు నాకు ఇది ఓపెన్ సోర్స్ పద్ధతిలా అనిపించదు.

వాళ్ల వాదననూ కొట్టిపారేయలేం. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో, కోడ్‌ని ప్రోగ్రాముగా మార్చే జీసీసీలో, తెర మీద డెస్క్‌టాప్ చూపించే గ్నోమ్‌లో వాళ్ల ఇంజనీర్లు చేసిన పని కొండంత. ఏళ్ల తరబడి పాత వెర్షన్లకు ప్యాచ్‌లు వేసేది మేము, కాపీ చేసి అమ్ముకునేది ఇంకొకరా అని వాళ్ల బాధ. బాధ నిజమే, మందు తప్పు.

వాలంటీర్లు తయారుచేసే ఇంకో లినక్స్ డెబియన్‌నీ చూడండి. 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందం వాళ్లది. 1998 నాటి ఓపెన్ సోర్స్ నిర్వచనానికి మూలం కూడా డెబియన్ మార్గదర్శకాలే. అంతటి డెబియన్ కూడా 2022లో ఒక మెట్టు దిగింది: వైఫై లాంటివాటికి కావాల్సిన, సోర్స్ లేని ఫర్మ్‌వేర్‌ని (పరికరం లోపల నడిచే ప్రోగ్రాంని) ఇన్‌స్టాలర్‌లోకి రానిచ్చింది. కానీ సభ్యుల చేత ఓటు వేయించి, ఒప్పందంలోని మాటల్ని కూడా మార్చి మరీ చేసింది. దిగినా తలుపు తీసి పెట్టుకునే దిగింది. నాకు ఆ తేడా పెద్దది.

ఇంతకీ రాకీ వాళ్లేం చేశారంటారా? క్లౌడ్‌లో రెడ్ హ్యాట్ ఉన్న మెషిన్ గంటల లెక్కన అద్దెకు తీసుకుంటే వాళ్లూ కస్టమర్లే కదా, సోర్స్ చేతికొస్తుంది. ఈ ఉపాయం వింటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆల్మా మాత్రం అచ్చుగుద్దినట్టు ఉండాలన్న పట్టు వదిలేసి, రెడ్ హ్యాట్‌లో నడిచే ప్రోగ్రాములు తనలోనూ నడిస్తే చాలనుకుంది.

భోజనాలయ్యాక ల్యాబ్‌లో ఆ ఆల్మానే ఇన్‌స్టాల్ చేద్దాం. పెన్‌డ్రైవ్ తెచ్చినవాళ్లు కాపీ చేసుకుని, తేనివాళ్లకి కూడా ఇవ్వండి. ఎవర్నీ అడగక్కర్లేదు.